కళ్ళజోడు డబ్బాల్లో వాసనలు

ఆ ఏడు శీతాకాలం సెలవులు వచ్చేసరికి అద్దాలాయన భార్యకి ముక్కు పనిచేయడం మానేసింది. ముందు జలుబు చేసింది, ఆపైన జ్వరం వచ్చింది. వచ్చిన రెండూ మర్యాదగానే వెళ్ళిపోయాయి గానీ, పోతూ పోతూ వాసనని కూడా చంకన పెట్టుకుపోయాయి. మరొకరికైతే అది పెద్ద నష్టమేమీ కాదు. చెత్తబండి పక్కనుంచి నడిచినా హాయిగా ఉందని నవ్వుకుని ఊరుకునేవారు. ఆవిడ సంగతి వేరు. ఆవిడకి ముక్కు పోవడమంటే వడ్రంగికి చెయ్యి పోవడమే.

ఆవిడ టీ పొడి కంపెనీలో టేస్టరు. అక్కడ పొడవాటి బల్ల మీద కప్పులు వరసగా పెడతారు. ఏ కప్పులో ఏ తోట ఆకు ఉందో రాసిన చీటీ ఆ కప్పు కిందే బోర్లించి ఉంటుంది. ఆవిడ చెంచాతో తీసుకుని జుర్రున పీల్చి, నోట్లో ఒక తిప్పు తిప్పి, పక్కనున్న తొట్టిలో ఉమ్మేసి, ఇది వానకి తడిసిన ఆకు, ఇది కాస్త ఎక్కువ వేగింది, దీన్ని ఎవరో ఉల్లిపాయల బస్తాల పక్కన దింపారు అని చెప్పేస్తుంది. విచారిస్తే అక్షరాలా నిజమని తేలుతుంది. కంపెనీలో ఆవిడ పేరు ఎవరూ పలకరు. గేటు దగ్గర కాపలా మనిషి మొదలు యజమాని దాకా అందరికీ ఆవిడ 'ముక్కుగారు'.

అద్దాలాయన బజారు మలుపులో ఉన్న కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. చూపు పరీక్ష చేసి, అద్దం అరగదీసి, ఫ్రేములో బిగించి ఇస్తాడు. నెమ్మదస్తుడు. చూపు బాగున్నవాళ్ళు వస్తే, "మీకు జోడు అక్కర్లేదండీ, వెళ్ళి హాయిగా నిద్రపోండి" అని పంపించేస్తాడు. అవసరం లేని అద్దం ఒక్కరికి కూడా అంటగట్టిన పాపాన పోలేదు. పరాయివాళ్ళ కళ్ళ విషయంలో అంత నిజాయితీగా ఉన్న మనిషి సొంత భార్య ముక్కు విషయంలో అలా ఎందుకు చేశాడన్నది ఎంత ఆలోచించినా ఒక పట్టాన తెగని సంగతి.

కారణాలు వెతికితే దొరకవని కాదు. భార్య కంపెనీ వాళ్ళు ఎప్పుడు కనబడినా, "ఈయన మన ముక్కుగారి ఆయన" అని పరిచయం చేసేవాళ్ళు. ఆయనకి సొంత ముక్కు లేనట్టు! ఇంట్లోనేమో గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఇవాళ మధ్యాహ్నం బయట తిన్నారు కదూ? ఇంటి డబ్బా ఎవరికి పెట్టారు?" అనేది. నవ్వుతూనే అనేది. కానీ అలాంటి ముక్కు కింద కాపురం చేసేవాడికి చిన్న అబద్ధం ఆడే వెసులుబాటు కూడా ఉండదు. అబద్ధం ఆడాలని ఆయనకి పెద్ద సరదా ఏమీ లేదు. ఆడలేకపోవడమే లోపల ఎక్కడో ముల్లులా ఉండేది.

డాక్టరు మందులేమీ రాయలేదు. ముక్కుకి మళ్ళీ బడి పెట్టాలన్నాడు. ఘాటుగా ఉండే నాలుగు వస్తువులు రోజూ పొద్దునా సాయంత్రం కళ్ళు మూసుకుని వాసన చూడాలి, ఏది ఏదో చెప్పాలి, పక్కనుండి ఎవరైనా తప్పొప్పులు చెప్పాలి, మెల్లగా దారిలో పడుతుంది అన్నాడు. ఆవిడ ముక్కు సంగతి కంపెనీలో ఇంకా బయటపెట్టలేదు. సెలవులకి ముందు ఆ కొద్ది రోజులూ ఆకు రంగు చూసి, నీటి చిక్కదనం చూసి ఎలాగో నెట్టుకొచ్చింది. కంపెనీ మళ్ళీ తెరిచేలోగా ముక్కు రావాలి. అదొక్కటే ఆవిడ కోరిక.

"మీరే పరీక్ష పెట్టాలండీ," అంది. "మీకు రోజూ చేసే పనే కదా. షాపులో ఎలా చూస్తారో అచ్చం అలాగే చూడండి. నా మీద జాలిపడి తప్పుని ఒప్పు అనకండి."

"జాలా? నీ మీదా? పులి మీద జాలిపడే మేక ఉంటుందిటే?" అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

షాపు నుంచి నాలుగు పాత కళ్ళజోడు డబ్బాలు తెచ్చాడు. అన్నీ ఒకే నలుపు, టిక్కుమని మూసుకునే ఒకే రకం మూత. ఒకదాంట్లో లవంగాలు, ఒకదాంట్లో నిమ్మతొక్క, ఒకదాంట్లో కాఫీ పొడి, ఇంకోదాంట్లో బట్టల సబ్బు ముక్క వేశాడు. మొదటి రోజుల్లో ఏది పెట్టినా ఆవిడ ఖాళీగా ముఖం పెట్టేది. ఆయన నిజంగానే బాధపడ్డాడు. షాపుకి కూడా సెలవులు కావడంతో కదలకుండా ఇంట్లోనే ఉండి, గిన్నెలు తోమి, ఆవిడకి వేడినీళ్ళు పెట్టి, ఉన్ని శాలువా కప్పి, మంచి మొగుడంటే ఇలా ఉండాలనిపించుకున్నాడు. కిటికీ అద్దాలకి పట్టిన ఆవిరి తుడుస్తూ, ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా అవసరం ఒకటి పడిందని సంతోషపడ్డాడు. అందులో తప్పేమీ లేదు. తప్పు ఆ తరవాత మొదలైంది.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ మంచం అంచున కూర్చుని కళ్ళు మూసుకుంది. ఆయన ఒక డబ్బా తెరిచి ముక్కు దగ్గర పెట్టాడు. ఆవిడ కనుబొమలు కదిలాయి.

"లవంగం," అంది.

అది లవంగమే. 'భేష్' అనబోయాడు. కానీ చూపు పరీక్షలో ఆయనకొక పద్ధతి ఉంది. ఎదుటివాడు అక్షరం చదవగానే అవుననడు, కాదనడు. కాసేపు మాట్లాడకుండా చూస్తాడు. నిజంగా కనబడుతున్నవాడు సాధారణంగా తొణకడు. ఊహించి చెప్పినవాడు, "కాదా అండీ?" అంటాడు. ఆ అలవాటుకొద్దీ ఆగాడు.

"కాదా?" అంది ఆవిడ.

ఆయన ఇంకా మాట్లాడలేదు.

"నిమ్మా?"

"ఆఁ, నిమ్మే," అన్నాడు.

ఆ మాట నోట్లోంచి ఎలా జారిందో ఆయనకే తెలియలేదు. 'ఊరికే అన్నానే, పిచ్చిదానా' అని మరుక్షణం నవ్వేద్దామనే అనుకున్నాడు. ఈలోపు ఆవిడ ముఖం ముడుచుకుపోయింది. ఎప్పుడూ గడప దాటని కన్నీరు ఆవిడ కళ్ళల్లో కనబడింది. "పోనీలే, రేపు వస్తుందిలే," అని భుజం తట్టాడు. ఆవిడ తల వాల్చి ఆయన పొట్ట మీద ఆనించింది. పెళ్ళైన కొత్తలో తప్ప ఆవిడ అలా ఆనుకున్నది లేదు.

ఓదార్చడంలో ఒక సుఖం ఉంది. మనుషులు ఒకరినొకరు ఆదుకోవాలనే పైవాడు ఆ సుఖాన్ని పెట్టి ఉంటాడు. కానీ ఓదార్చడం కోసమే ముందు ఏడిపించేవాళ్ళు కూడా ఉంటారని ఆయనకి తెలియదంటారా?

ఆ సాయంత్రం కూడా అంతే. మర్నాడూ అంతే. సరిగ్గా చెబితే మౌనంగా ఉండేవాడు. "ఖాయమేనా?" అనేవాడు. ఆవిడ మాట మార్చగానే, "అదీ, అలా రా" అనేవాడు. కాఫీ పొడి పెట్టినప్పుడు తడబడి సబ్బు అంటే, "శభాష్, ఇవాళ కొంచెం నయం" అనేవాడు. రోజంతటికీ అదే ఆయనకి వేడుక. అక్కడితో ఆగిందా అంటే, ఆగలేదు. ఒకరోజు స్టవ్ మీది పాలు చూసి, "విరిగిపోయినట్టున్నాయే, నీకు తెలియడంలేదూ?" అన్నాడు. ఆవిడ వంగి వాసన చూసింది. బాగానే ఉన్నట్టు తోచింది. తోచింది కాబట్టే నమ్మలేదు. నిక్షేపంలా ఉన్న పాలని గిన్నెతో తీసుకెళ్ళి సింకులో ఒంపేసింది. తెల్లగా తిరుగుతూ పోతున్న పాలని ఇద్దరూ నిలబడి చూశారు.

ఆవిడకి అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ ఆ అనుమానం మొగుడి మీదికి పోలేదు, తన మీదికే తిరిగింది. ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి లవంగాల సీసా చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఏమండీ, ఇలా చూస్తూ పీలిస్తే గుప్పున కొడుతోంది. కళ్ళు మూసుకుంటే మాత్రం నాకు తోచేదొకటి, మీరు చెప్పేదొకటి."

ఆయన పేపరు వెనక ఊపిరి బిగబట్టాడు. "అంటే?"

"అంటే పనిచేసేది నా ముక్కు కాదు, నా బుర్ర. కన్ను చూసింది కాబట్టి వాసనని అదే అల్లుకుంటోంది. చీటీ ఎందుకు బోర్లిస్తామో తెలుసా? చీటీ చూసి చెప్పే వాసన దొంగ వాసన. మా కంపెనీ పెద్దాయన నాకు మొదటిరోజే చెప్పారు ఆ మాట." సీసా మూత బిగించింది. "మీరు లేకపోతే వచ్చేసిందనుకుని మోసపోయి ఉండేదాన్ని."

పేపరు వెనక ఆయన ఊపిరి వదిలాడు. తను కట్టని గోడ కూడా ఆవిడే కట్టి ఇచ్చింది. ఆవిడ పనిలోని నిక్కచ్చితనమే ఆవిడ మెడకి చుట్టుకుంది. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని నమ్మడం నేర్చుకున్న మనిషిని మోసం చేయడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు.

సెలవులు ఇంకా కొద్ది రోజులున్నాయనగా ఆయన అక్కగారు వచ్చింది. ఆవిడ వచ్చిందంటే ఇంట్లో రేడియో పెట్టక్కర్లేదు. మెడ చుట్టూ మఫ్లరు, కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు, నోట్లో ఆగని మాట.

"ఏం మరదలా, ముక్కు సెలవుపెట్టిందటగా? పోయినసారి నా కూర గిన్నె మూత ఎత్తగానే 'వదినా, ఇది నిన్నటిది' అన్నావే! మా అల్లుడి ఎదురుగా నా పరువు తీసిన ముక్కు కదూ అది! దేవుడున్నాడమ్మా!"

"ఉన్నాడు వదినా. అందుకే రోజూ అడుగుతున్నాను, ఆ ముక్కు తిరిగిచ్చెయ్యమని. వచ్చాక మీ కూర జోలికి రానులెండి."

అందరూ నవ్వారు. కానీ ఆవిడ అడుగుతున్నానన్నది నవ్వులాటకి కాదు. దీపాలు పెట్టే వేళకి దేవుడి పటం ముందు కూర్చుని చిన్న గొంతుతో మాట్లాడుకునేది. మొక్కులూ బేరాలూ ఉండేవి కావు. పక్కింటి పెద్దమనిషికి చెప్పుకున్నట్టు, "ఇవాళ కూడా రాలేదు స్వామీ, రేపు చూడండి" అనేది. అద్దాలాయన ఆ మాటలు పక్క గదిలోంచి వినేవాడు. విని మంచం మీద అటు తిరిగి పడుకునేవాడు.

మర్నాడు పొద్దున ఫోను మోగింది. కంపెనీలో పెద్దాయన, అంటే టేస్టర్లందరికీ పెద్ద, ఆవిడకి పని నేర్పిన గురువు. వయసైపోయి పని నుంచి తప్పుకుంటున్నారు. తన కుర్చీ ఆవిడకే ఇవ్వాలని యజమానిని ఒప్పించారట. తోటల మీదికి తిరగాలి, ఏడాదిలో కొన్ని నెలలు బయటే ఉండాలి. ఒప్పుకుంటే ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి. లేదంటే బయటి మనిషికి రేపు పొద్దున్నే మాట ఇచ్చేస్తారు.

ఫోను పెట్టేసి ఆవిడ చాలాసేపు హీటరు ముందు చేతులు చాపి కూర్చుంది. ఆ తరవాత మొగుడితో అంది.

"ఏమండీ, ఆఖరిసారి ఒక్క పరీక్ష పెట్టండి. నాలుగూ చెప్పగలిగితే ఒప్పుకుంటాను. లేకపోతే నిజం చెప్పేస్తాను. ముక్కు లేకుండా ఆయన కుర్చీలో కూర్చుని దొంగ వాసనలు చెప్పలేను."

"తొందరేముంది, సాయంత్రం చూద్దాంలే."

"ఇప్పుడే. వదిన కూడా ఉన్నారు, సాక్ష్యం."

అక్కగారు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. "నాకేం తెలుసమ్మా ఈ వాసనల పరీక్షలు! పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంతలా పరీక్షించలేదు," అంది.

ఆవిడ కళ్ళు మూసుకుంది. అంతవరకూ ఎప్పుడు కావాలంటే అప్పుడు నవ్వేసి బయటపడగల ఆటలాగే ఉంది ఆయనకి. ఇప్పుడు అలా లేదు, అయినా మొదటి డబ్బా తెరిచాడు. నిజం చెప్పేద్దాం అనుకున్నాడు కూడా. అనుకోలేదని అంటే ఆయనకి అన్యాయం చేసినట్టవుతుంది.

"లవంగం," అంది. ఈసారి ఆయన మౌనంగా ఉన్నా మాట మార్చలేదు. "లవంగమే. తరవాతది?"

రెండోది పెట్టాడు. "సబ్బు."

మూడోది. "నిమ్మ."

నాలుగోది. "కాఫీ." కళ్ళు తెరవకుండానే అడిగింది. "ఎన్ని?"

నాలుగుకి నాలుగు! ఆవిడ పెదవులు సగం విచ్చుకుని ఉన్నాయి. జవాబు తనలో తనకి తెలిసిపోయిన మనిషిలా కనబడింది. ఆ ముఖాన్ని చూసి ఆయనకి ఒకేసారి అంతా కళ్ళ ముందు తిరిగింది. తోటలు, ప్రయాణాలు, ఇంటికి తాళం, వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే తనని చదివేసే ఆ ముక్కు. బహుశా ఈ సెలవుల సంగతి కూడా ఏదో ఒకరోజు చదివేస్తుంది.

"ఒక్కటే," అన్నాడు. "సబ్బు ఒక్కటే సరిపోయింది."

ఆవిడ కళ్ళు తెరిచింది. వాదించలేదు. ఏవి తప్పాయని అడగలేదు. డబ్బాల వైపు చూడలేదు. చీటీ తిప్పి చూసేది టేస్టరు కాదు, పక్కనున్న మనిషి. అది వాళ్ళ ఆచారం. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని ముందుగదిలోకి ఫోను దగ్గరికి వెళ్ళింది.

అక్కగారు ఖాళీగా కూర్చునే మనిషి కాదు. డబ్బాలు సర్దుదామని మొదటిది తెరిచింది. చూసింది. రెండోది తెరిచింది. మిగతావి కూడా తెరిచింది.

"ఒరేయ్," అంది మెల్లగా. "ఇందులో లవంగమే ఉందిగా. అదేగా అంది మీ ఆవిడ? అన్నీ సరిగ్గానే చెప్పిందిరా!"

ముందుగదిలోంచి భార్య గొంతు వినిపిస్తోంది. "నమస్కారం సార్... అవునండీ, ఆలోచించాను..."

అక్కగారు గుమ్మం వైపు గబగబా రెండడుగులు వేసింది. అక్కడ ఆగిపోయింది.

"అక్కా," అన్నాడాయన. "ఇప్పుడు చెబితే నా కాపురం ఉంటుందా?"

ఆమె తమ్ముడి ముఖం చూసింది. చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చి తన వెనక దాక్కున్న ముఖమే అది. ముందుగదిలో గొంతు ఇంకా నడుస్తోంది. "లేదు సార్, మీకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు... జ్వరం వచ్చినప్పటి నుంచీ అండి... ఏమీ తెలియడంలేదు... మీరు నన్ను క్షమించాలి..."

"ఊరూరా తిరిగే కొలువట," అంది అక్కగారు చివరికి, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. "ఇంటిపట్టున ఉంటే దానికే మంచిదిలే." డబ్బా మూతలు ఒక్కొక్కటే నొక్కింది. టిక్కు, టిక్కు, టిక్కు, టిక్కు. ఫోను పెట్టేసిన చప్పుడు అయ్యాక గట్టిగా అంది. "మరదలా, ఇలా రా, నీకు తల దువ్వుతాను. ఎన్నాళ్ళైందో నూనె పెట్టుకుని!"

మర్నాడు మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది. పరీక్షల్లేవు, ఎదురుచూడ్డం లేదు. ఉన్నట్టుండి తల ఎత్తింది.

"ఎక్కడో రొట్టె మాడుతోంది," అంది.

ఇంట్లో స్టవ్ ఆరిపోయి ఉంది. "ఎక్కడా లేదే, నీకు అలా అనిపిస్తోంది," అన్నాడు అద్దాలాయన. మాట పూర్తికాకముందే ఆవిడ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పై అంతస్తు మెట్లెక్కేసింది. తలుపు కొట్టడం, పైవాళ్ళావిడ, "అయ్యో అవునండీ, ఫోనులో పడి మర్చిపోయాను, మొత్తం బొగ్గైపోయింది! మీ దాకా వచ్చేసిందా?" అనడం కింది వరకూ వినబడింది.

ఆవిడ నవ్వుతూ, ఏడుస్తూ, చల్లటి మెట్ల మీద ఉత్త పాదాలతో దిగి వచ్చింది. "వచ్చేసిందండీ! చూడకుండా వచ్చింది! చీటీ బోర్లించి ఉండగానే చెప్పాను!" అంటూ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. ఆయన కూడా నవ్వాడు. అక్కగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వెంటనే ఫోను చేసింది. అందరికీ వినబడేలా పెద్దాయన గొంతు మొత్తుకున్నట్టు వచ్చింది.

"పొద్దున్నే బయటాయనకి మాట ఇచ్చేశారమ్మా. నిన్న పోయిందన్నావు, ఇవాళ వచ్చిందంటున్నావు. ముక్కేమన్నా కుళాయా తిప్పితే రావడానికి? సెలవులకి ముందు నాకు చెప్పకుండా కప్పులు చూశావన్న సంగతే యజమానిగారికి మింగుడు పడలేదు. నిన్ను ప్యాకింగుకి వేస్తామంటున్నారు. నేనింక ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను?"

ఫోను పెట్టాక ఆవిడ ఏడవలేదు. దీపాలు పెట్టే వేళ దాటిపోయినా దేవుడి పటం వైపు వెళ్ళలేదు. మొగుడి పక్కన మంచం అంచున కూర్చుంది.

"ఒక్కరోజండీ," అంది. "ఒక్కరోజు ముందు ఇచ్చి ఉంటే ఆ దేవుడి సొమ్మేం పోయేది? ఇవ్వదలచుకోకపోతే మానెయ్యాలి. చెయ్యి దాటిపోయాక తీసుకొచ్చి చేతిలో పెట్టడమేమిటి? నేనాయనకి ఏం అపకారం చేశానని?"

ఇక్కడైనా అద్దాలాయన నోరు తెరవాలి. తెరిచాడు.

"ఆయన లీలలు మనకేం తెలుస్తాయి చెప్పు," అన్నాడు.

పాపం, దేవుడు. ఎవరేం మోపినా మోస్తాడు, నాది కాదని నోరు విప్పి చెప్పుకోడు. అది దయో, మనల్ని మన దారిన వదిలేయడమో, ఇంత వయసొచ్చినా అంతుపట్టదు.

"మీరు కాబట్టి నిజం నిజంగా చెబుతూ వచ్చారు," అంది ఆవిడ ఆయన భుజం మీద తల పెట్టుకుని. "మీరూ లేకపోతే ఈ సెలవుల్లో నాకు పిచ్చెక్కేది."

ఆయన భుజం కదిలించలేదు. వంటింట్లో అక్కగారు కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

సెలవులైపోయాక ఆవిడ ప్యాకింగు పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, పటం ముందు నుంచి తలతిప్పుకుని నడిచేది. దేవుడితో మళ్ళీ ఒక్క మాట మాట్లాడలేదు. మొగుడితో మాత్రం మునుపెన్నడూ లేనంత ప్రేమగా ఉండేది.